బాద్మే: తీర్పొచ్చాక కూడా తెగని గట్టు తగాదా

ఇథియోపియా, ఎరిత్రియా మళ్లీ సరిహద్దుకి సైన్యాన్ని తోలుతున్నాయని వార్త కనబడగానే చాలామందికి వచ్చే సందేహం ఒకటే. వీళ్లకి శాంతి ఒప్పందం ఎప్పుడో అయిపోయింది కదా, అది చేసినందుకే కదా ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్‌కి 2019లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, మరి మళ్లీ ఈ టెన్షన్ ఏంటి?

గందరగోళానికి సగం కారణం, వార్తల్లో "శాంతి ఒప్పందం" అని ఒక్క ముక్కలో తేల్చేసేది నిజానికి మూడు వేరువేరు ఒప్పందాలు. 2000 డిసెంబర్‌లో అల్జీర్స్‌లో జరిగింది ఒకటి, 2018 జులైలో ఎరిత్రియా రాజధాని అస్మారాలో సంతకం పెట్టింది ఇంకొకటి, 2022 నవంబర్‌లో ప్రిటోరియాలో కుదిరింది మూడోది. మొదటి రెండూ ఇథియోపియాకీ ఎరిత్రియాకీ మధ్య. మూడోదానిలో అసలు ఎరిత్రియా లేనే లేదు. ఈ మూడింటి కిందా నలిగిన ఊరు బాద్మే. దాని కథ తెలిస్తే మిగతా చిక్కు చాలావరకు విడిపోతుంది.

బాద్మే అంటే ఎంత ఊరు?

పేపర్లు సరిహద్దు నగరం అని రాస్తుంటాయి గానీ, నగరం అనేంత పెద్దది కాదు. పొడి నేల, జొన్న, నువ్వులు పండే పొలాలు, ఒక సంత, కొన్ని వేలమంది జనం. చమురు లేదు, బంగారం లేదు, ఓడరేవు లేదు. ఎరిత్రియాకి నైరుతి మూల, ఇథియోపియాలోని టిగ్రే ప్రాంతానికి వాయవ్య మూల, ఆ రెండూ కలిసేచోట ఉంది. దక్షిణాన సెతిత్ నది (ఇథియోపియాలో తెకెజే అంటారు), ఉత్తరాన మరేబ్ నది. ఈ రెండు నదుల మధ్య గీసిన గీతకి ఊరు ఏ పక్కన పడుతుందన్నదే తగాదా అంతా.

ఆ నేల పాత కాలంలో కునామా అనే తెగవాళ్ల ప్రాంతం. తర్వాత దశాబ్దాల్లో టిగ్రే నుంచి రైతులు వచ్చి పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. కాబట్టి "ఇక్కడ మొదట్నుంచీ ఎవరున్నారు" అని అడిగితే ఒక జవాబు, "ఇప్పుడు ఎవరున్నారు" అని అడిగితే ఇంకో జవాబు. ఈ తేడా కోర్టులో కూడా అడ్డం తిరుగుతుంది.

నిన్నటిదాకా ఒక్కటై పోరాడినవాళ్లు

ఎరిత్రియా 1890 నుంచి ఇటలీ వలస. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన ఇథియోపియా స్వతంత్రంగా నిలబడింది. ఆ రెండింటి మధ్య హద్దు కోసం చక్రవర్తి మెనెలిక్ కాలంలో మూడు ఒప్పందాలు రాసుకున్నారు: 1900, 1902, 1908. ఈ మూడు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి, వందేళ్ల తర్వాత జడ్జీలు వీటినే ముందు పెట్టుకుని కూర్చున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ పోయింది. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 1952లో ఎరిత్రియాని ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు. 1962లో చక్రవర్తి హైలే సెలాసీ ఆ సమాఖ్యని రద్దు చేసి ఎరిత్రియాని మామూలు రాష్ట్రంలా కలిపేసుకున్నాడు. అప్పటికే 1961లో మొదలైన సాయుధ పోరాటం ముప్పై ఏళ్లు నడిచింది. చివర్లో ఎరిత్రియా గెరిల్లాలు, టిగ్రే గెరిల్లాలు కలిసి ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని సైనిక ప్రభుత్వాన్ని కూల్చారు. 1991 మే నెలలో, తర్వాత ఎరిత్రియా అధ్యక్షుడైన ఇసాయాస్ అఫ్‌వెర్కి దళం అస్మారాలోకి, తర్వాత ఇథియోపియా ప్రధాని అయిన మెలెస్ జెనావి దళం అడిస్ అబాబాలోకి కొద్ది రోజుల తేడాతో అడుగుపెట్టాయి. 1993లో రెఫరెండం, 99 శాతానికి పైగా ఓట్లతో ఎరిత్రియా స్వతంత్ర దేశం అయింది, ఇథియోపియా కొత్త ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంది కూడా.

అంతా బాగానే ఉంది గానీ హద్దు మాత్రం ఎవరూ కొలవలేదు. స్నేహం బాగున్నప్పుడు గట్టు ఎక్కడుందని ఎవరు అడుగుతారు? ఊళ్లో అన్నదమ్ములు వేరుపడినప్పుడు కూడా అంతే, మొదటి రెండేళ్లు "ఎక్కడైతే ఏంటిలే" అనుకుంటారు, మధ్యలో ఏదో డబ్బు తగాదా వచ్చిన రోజునే టేపు బయటికి తీస్తారు. ఇక్కడా డబ్బు తగాదా వచ్చింది. అప్పటిదాకా రెండు దేశాల్లోనూ ఇథియోపియా కరెన్సీ బిర్ నడిచేది. 1997 నవంబర్‌లో ఎరిత్రియా సొంత కరెన్సీ నక్ఫా తెచ్చి, రెండూ సమాన విలువతో చెల్లాలంది. ఇథియోపియా కుదరదంది, పెద్ద వ్యాపారం ఏదైనా డాలర్లలో జరగాలంది. అదే ఏడాది టిగ్రే ప్రభుత్వం వేసిన ఒక మ్యాపులో తమ ఊళ్లు కొన్ని టిగ్రేలో కలిసిపోయి కనిపించాయని ఎరిత్రియాకి మంట.

1998 మే, ఆ వారం రోజులు

మే 6న బాద్మే దగ్గర్లో రెండువైపుల సాయుధులకీ ఘర్షణ జరిగి కొందరు ఎరిత్రియా సైనికులు చనిపోయారు. మే 12న ఎరిత్రియా ట్యాంకులతో వచ్చి బాద్మేని పట్టుకుంది. మరుసటి రోజే ఇథియోపియా పార్లమెంటు, ఊరు ఖాళీ చేసి వెళ్లమంది, ఎరిత్రియా అది మా నేల అంది. జూన్ మొదటి వారానికి ఇథియోపియా విమానాలు అస్మారా ఎయిర్‌పోర్టు మీద, ఎరిత్రియా విమానాలు టిగ్రే రాజధాని మెకెలే మీద బాంబులు వేసుకుంటున్నాయి, మెకెలేలో ఒక స్కూల్ మీద కూడా పడ్డాయి.

1999 ఫిబ్రవరి చివర్లో ఇథియోపియా బాద్మేని తిరిగి పట్టుకుంది. 2000 మేలో ఇంకో పెద్ద దాడి చేసి ఎరిత్రియా లోపలికి చాలా దూరం వెళ్లింది. ఆ రెండేళ్లలో చనిపోయినవాళ్లు 70 వేల నుంచి లక్ష దాకా ఉంటారని సాధారణంగా వేసే అంచనా. కందకాల యుద్ధం అది, మైన్లు పాతిన నేల మీద సైనికుల్ని వరసలు వరసలుగా పంపిన యుద్ధం. రెండు దేశాలూ అవతలి మూలాలున్న వేలమందిని ఇళ్ల నుంచి లాగి సరిహద్దు దాటించాయి కూడా.

2000 జూన్ 18న కాల్పుల విరమణ, డిసెంబర్ 12న అల్జీర్స్‌లో శాంతి ఒప్పందం. ఎరిత్రియా భూభాగంలో 25 కిలోమీటర్ల వెడల్పున తాత్కాలిక భద్రతా మండలం పెట్టి, అందులో ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల్ని ఉంచారు. ఆ సైనికుల్లో మన భారత సైన్యానికి చెందిన బెటాలియన్ కూడా ఉంది, 2004 నుంచి 2006 దాకా ఆ బలగానికి కమాండర్‌గా ఉన్నది మన మేజర్ జనరలే.

గీత గీయడం వేరు, రాయి పాతడం వేరు

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క విషయం అర్థం చేసుకోవాలంటే ఇదే అంటాను నేను. సరిహద్దు తేల్చడంలో రెండు మెట్లు ఉంటాయి. మొదటిది డీలిమిటేషన్. మనకి ఆ మాట వినగానే నియోజకవర్గాల పునర్విభజన గుర్తొస్తుంది గానీ, ఇక్కడ దానర్థం కాగితం మీద, మ్యాపు మీద గీత ఎక్కడినుంచి ఎక్కడికో నిర్ణయించడం. రెండోది డీమార్కేషన్, అంటే ఆ గీతని నేల మీదికి దించి హద్దు రాళ్లు పాతడం.

పొలం సర్వే చేయించుకున్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆఫీసులో పటం మీద సర్వే నంబరు గీతలు చక్కగా ఉంటాయి. సర్వేయర్ గొలుసు పట్టుకుని పొలంలోకి దిగితే ఆ గీత ఎవరి పశువుల పాక మధ్యలోంచో, ఎవరి బావి మీదుగానో పోతుంది. పటం చూసినప్పుడు తలూపిన మనిషే పాక కూల్చాలనేసరికి సర్వేయర్‌ని పొలంలోకి రానివ్వడు. ఇథియోపియా, ఎరిత్రియాల మధ్య జరిగింది అక్షరాలా ఇదే, కాకపోతే వెయ్యి కిలోమీటర్ల పొలం.

అల్జీర్స్ ఒప్పందం ఈ రెండు పనులూ ఒకే సరిహద్దు కమిషన్‌కి అప్పగించింది. ఐదుగురు సభ్యులు, ఒక్కో దేశం ఎంచుకున్నవాళ్లు ఇద్దరిద్దరు, అధ్యక్షుడిగా బ్రిటిష్ న్యాయకోవిదుడు ఎలిహు లాటర్‌పాక్ట్. కూర్చున్నది హేగ్‌లో. ఒప్పందంలో రెండు గట్టి షరతులు పెట్టుకున్నారు. ఒకటి, తీర్పు అంతిమం, ఇద్దరూ కట్టుబడాలి. రెండు, కమిషన్ పాత వలసకాలపు ఒప్పందాల్నీ అంతర్జాతీయ చట్టాన్నీ చూసి మాత్రమే తేల్చాలి, న్యాయంగా ఉంటుంది కదా అని తన సొంత బుద్ధితో పంచడానికి వీల్లేదు.

ఈ రెండో షరతు మామూలుది కాదు. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటే, "సరే, బావి వాడికి, చెట్టు నీకు" అని సర్దుతారు. కమిషన్‌కి ఆ స్వేచ్ఛ లేదు. కాగితం ఏం చెబితే అదే చెప్పాలి. ఆ షరతు ఒప్పుకుని సంతకం పెట్టింది రెండు ప్రభుత్వాలూ.

ఏ వాగు? 1902 నాటి చిక్కు

బాద్మేకి సంబంధించిన కాగితం 1902 నాటిది. దాని ప్రకారం హద్దు సెతిత్ నది వెంట వచ్చి, ఆ నదిలో మైతెబ్ అనే వాగు కలిసేచోట ఉత్తరానికి తిరిగి, మరేబ్ నదిలో మై అంబెస్సా కలిసేచోటికి వెళ్లాలి. వెళ్లేదారిలో కునామా తెగ ఎరిత్రియాకి దక్కేలా చూడాలని కూడా అందులోనే రాశారు.

వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ మైతెబ్ ఏది? ఆ నది పొడవునా పడమట ఒక వాగు, తూర్పున ఇంకో వాగు, పేర్లు దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పాత మ్యాపుల్లో వేర్వేరు స్పెల్లింగులు, వేర్వేరు చోట్లు. గీత పడమటి వాగు దగ్గర మొదలైతే మధ్యలో ఉన్న పెద్ద ముక్కోణం ఇథియోపియాది, బాద్మే దాంతోపాటే. తూర్పు నుంచి మొదలైతే ఆ ముక్కోణం ఎరిత్రియాది. ఒక వాగు పేరు మీద ఇంత వేలాడింది.

ఇథియోపియా పడమటి వాగే అంది. కమిషన్ మాత్రం కునామాల నేల ఎరిత్రియాకి దక్కాలన్న 1902 నాటి ఉద్దేశాన్ని, అప్పటి మ్యాపుల్ని, ఆ తర్వాత దశాబ్దాల్లో రెండువైపులా నడుచుకున్న తీరుని చూసి, సెతిత్ మీద తూర్పు వైపున్న ఒక చోటు నుంచి మరేబ్ దాకా నేరుగా ఒక గీత గీసింది.

కాగితమా, అనుభవమా?

దీనికి ఇథియోపియా వేసిన ఎదురు ప్రశ్న బలమైనదే. కాగితం సంగతి సరే, ఆ ఊళ్లో పన్ను వసూలు చేసిందెవరు? బడి పెట్టిందెవరు? ఎన్నికలు జరిపిందెవరు? మేమే కదా? మనూరి భాషలో చెప్పాలంటే, పాస్‌బుక్ వాడి పేరున ఉంటే ఉండొచ్చు, అనుభవంలో ఉన్నది నేను కదా అని.

అంతర్జాతీయ చట్టంలో అనుభవానికి విలువ లేకపోలేదు. మనకి దగ్గర్లో చూసుకుంటే ఆంధ్రప్రదేశ్, ఒడిశాల మధ్య కొఠియా ఊళ్ల తగాదా ఉంది. 21 ఊళ్లు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న జనం. 2021లో అక్కడ కొన్ని ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి పరిగెత్తింది. ఒక పంచాయతీ ఎన్నిక కోసం అంత కంగారెందుకంటే, ఈరోజు పెట్టిన ఎన్నిక రేపు "అనుభవానికి" సాక్ష్యం అవుతుంది కాబట్టి. అయితే అది ఒక దేశంలోని రెండు రాష్ట్రాల వ్యవహారం, సైన్యాలు రావు, కాబట్టి పోలికని అక్కడితో ఆపాలి.

బాద్మే విషయంలో ఇథియోపియా చూపించిన పన్ను, పరిపాలన కాగితాలు ఒప్పందపు గీతని జరిపేంత బలంగా లేవని కమిషన్ తేల్చింది. ఆఫ్రికాలో ఇంకో సూత్రం కూడా ఉంది, 1964లో కైరోలో ఆఫ్రికా దేశాల సంస్థ చేసిన తీర్మానం: స్వాతంత్ర్యం నాటికి ఉన్న హద్దులే హద్దులు. తెల్లవాళ్లు స్కేలు పెట్టి గీసిన గీతలు న్యాయమైనవని ఎవరూ అనలేదు, ఒక్కటి కదిపితే ఖండమంతా కదులుతుందన్న భయంతో ఒప్పుకున్నారు.

ఒకే తీర్పు, రెండు రాజధానుల్లో సంబరాలు

2002 ఏప్రిల్ 13న తీర్పొచ్చింది, ఐదుగురు సభ్యులదీ ఒకే మాట. ఆ రోజే ఇథియోపియా ప్రభుత్వం మేం గెలిచాం, బాద్మే మాదే అని ప్రకటించింది. ఎరిత్రియా కూడా గెలిచామనే అంది. ఇద్దరూ చదివింది ఒకటే తీర్పు.

ఇదెలా సాధ్యమంటే, తీర్పులోని ఆదేశంలో "బాద్మే ఫలానా దేశానిది" అన్న వాక్యం లేదు. ఉన్నవి అంకెలు, అక్షాంశాలు, రేఖాంశాలు, ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి గీత. ఊరు ఆ గీతకి ఏ పక్కన ఉందో చూడాలంటే ఊరు సరిగ్గా ఎక్కడుందో ముందు కొలవాలి. నెలల తరబడి ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకున్నారు. 2003 మార్చిలో కమిషనే నోరు విప్పి, బాద్మే గీతకి ఎరిత్రియా వైపే ఉందని స్పష్టం చేసింది.

ఆ సెప్టెంబర్‌లో మెలెస్ జెనావి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌కి ఘాటైన ఉత్తరం రాశాడు, తీర్పు చట్టవిరుద్ధం, అన్యాయం, బాధ్యతారహితం అని. కట్టుబడతామని సంతకం పెట్టిన తీర్పు గురించే ఈ మాటలు.

ఊరు నీదే, కానీ తప్పు నీదే

అల్జీర్స్ ఒప్పందం సరిహద్దు కమిషన్‌తోపాటు ఇంకో కమిషన్ కూడా పెట్టింది, యుద్ధ నష్టాల లెక్క చూడటానికి. అది 2005 డిసెంబర్‌లో ఏం చెప్పిందంటే, 1998 మే 12న ఎరిత్రియా చేసిన దాడి ఐక్యరాజ్యసమితి చార్టర్‌కి విరుద్ధం.

అంటే ఒక కమిషన్ ప్రకారం ఊరు ఎరిత్రియాది, ఇంకో కమిషన్ ప్రకారం ఆ ఊరిని పట్టుకోవడం ఎరిత్రియా తప్పు. చాలామంది ఇక్కడే తికమకపడతారు గానీ ఇందులో వైరుధ్యం లేదు. మీ స్థలంలో అవతలివాడు ఏళ్లుగా ఉంటున్నాడు, స్థలం మీదేనని రేపు కోర్టు చెప్పొచ్చు. అయినా ఇవాళ మీరు కర్రలు పట్టుకుని మనుషుల్ని వేసుకెళ్లి వాణ్ని వెళ్లగొడితే కేసు మీమీదే. శాంతియుతంగా ఒక పరిపాలన కింద ఉన్న నేలని, మాదే అన్న నమ్మకంతోనైనా సరే, బలంతో లాక్కోకూడదు.

2009 ఆగస్టులో నష్టపరిహారం లెక్క తేలింది. ఇథియోపియాకి రావాల్సింది సుమారు 17.4 కోట్ల డాలర్లు, ఎరిత్రియాకి రావాల్సింది సుమారు 16.35 కోట్ల డాలర్లు. లక్షమంది దాకా చనిపోయిన యుద్ధానికి తేడా కోటి డాలర్ల చిల్లర.

అమలు ఎందుకు ఆగింది?

ఎరిత్రియా వాదన సూటిగా ఉంటుంది. అంతిమం అని రాసుకున్నాక మాట్లాడుకోవడానికి ఏముంది, ముందు రాళ్లు పాతండి, మా ఊరు ఖాళీ చేయండి, తర్వాత కూర్చుని టీ తాగుదాం. ఒప్పందానికి హామీగా నిలబడ్డ అమెరికా, ఐరోపా, ఆఫ్రికా దేశాలు ఇథియోపియా మీద ఒత్తిడి పెట్టకుండా చూస్తూ కూర్చున్నాయన్న కోపం కూడా ఉంది వాళ్లకి, అది అకారణమూ కాదు.

ఇథియోపియా వాదన: గీత ఊళ్లని, చర్చిల్ని, ఇళ్లని చీలుస్తోంది, నేల మీద పరిస్థితి చూసి చిన్న చిన్న సర్దుబాట్లు చేసుకోవాలి, దానికి ముందు ఇద్దరం కూర్చోవాలి. 2004లో తీర్పుని "సూత్రప్రాయంగా" ఒప్పుకుంటున్నాం అంది. ఆ ఒక్క మాటలో ఎంత జారుడుందో మన రాజకీయ నాయకుల ప్రకటనలు చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇళ్లు చీలిపోయే బాధ మాత్రం నాటకం కాదు. మధ్య సరిహద్దులో ఇరోబ్ అనే చిన్న సమాజం ఉంది, ఎక్కువమంది క్యాథలిక్కులు, గీత వాళ్ల నేలని రెండుగా కోస్తుంది.

దీని వెనక పైకి చెప్పని లెక్క ఇంకోటి ఉంది. మెలెస్ పార్టీ టిగ్రేది. బాద్మే కోసం చనిపోయినవాళ్లలో టిగ్రే పిల్లలు వేలల్లో ఉన్నారు. యుద్ధం గెలిచి, ఊరు పట్టుకుని, కాగితం మీద ఓడి, ఆ ఊరిని ఇచ్చేస్తే ఆ తల్లిదండ్రులకి ఏమని చెప్పాలి? 1993లో ఎరిత్రియాని, సముద్రాన్ని వదిలేశాడని అప్పటికే తిట్లు తింటున్న నాయకుడాయన.

ఎరిత్రియాలోనూ ఈ తెగని తగాదా ఒకరికి అక్కరకొచ్చింది. చట్టం ప్రకారం 18 నెలలు ఉండాల్సిన తప్పనిసరి సైనిక సేవ యుద్ధం తర్వాత అంతులేనిదైపోయింది, ఎన్నికలు జరగలేదు, అడిగితే శత్రువు మన నేల మీద ఉన్నాడన్నదే జవాబు. లక్షలమంది యువత దేశం వదిలిపోయారు. బాద్మే అక్కడే ఉంటే అడిస్ అబాబాకి ఎంత లాభమో, అస్మారా పాలకుడికీ అంతే లాభం అని విమర్శకులు అనేది ఇందుకే.

శాంతి సైనికుల కథ కూడా ఇలాగే ముగిసింది. తీర్పు అమలు కాకపోయేసరికి విసిగిన ఎరిత్రియా 2005లో వాళ్ల హెలికాప్టర్లని ఎగరనివ్వలేదు, తర్వాత డీజిల్ ఆపేసింది, 2008 జులైలో మిషన్ మూటాముల్లె సర్దుకుంది.

అంతకుముందే సరిహద్దు కమిషన్ కూడా చేతులు దులుపుకుంది. రాళ్లు పాతనివ్వకపోతే ఎలా? 2006 నవంబర్‌లో అది ఒక కొత్త మార్గం ఎంచుకుంది: హద్దు రాళ్లు ఎక్కడెక్కడ ఉండాలో ఆ చోట్ల కోఆర్డినేట్లు ప్రకటించి, ఏడాది గడువిచ్చి, ఈలోపు మీరు పాతకపోతే ఈ అంకెలే రాళ్లు అనుకోండి అంది. 2007 నవంబర్ 30తో గడువు అయిపోయింది. చట్టం దృష్టిలో హద్దు తేలిపోయింది. నేల మీద ఇథియోపియా పోలీసులే ఉన్నారు.

2018: ఆ కౌగిలింతల్లో ఏముంది

2018 ఏప్రిల్‌లో అబీ అహ్మద్ ప్రధాని అయ్యాడు, అడిస్ అబాబాలో టిగ్రే పార్టీ పట్టు సడలింది. జూన్ 5న ఇథియోపియా అధికార కూటమి 2002 తీర్పుని పూర్తిగా ఒప్పుకుంటున్నామని ప్రకటించింది. జులై 8న అబీ అస్మారా వెళ్లాడు, 9న ఉమ్మడి ప్రకటన: యుద్ధ స్థితి ముగిసింది, రాకపోకలు, ఫోన్లు, ఎంబసీలు మొదలవుతాయి, సరిహద్దు తీర్పు అమలవుతుంది. ఇరవై ఏళ్లుగా ఒకరి గొంతు ఒకరు వినని కుటుంబాలు ఫోన్లు చేసుకుని ఏడ్చాయి. సెప్టెంబర్ 11న, ఇథియోపియా కొత్త సంవత్సరం రోజున, జలంబెస్సా దగ్గర గేటు తెరిస్తే జనం రెండువైపుల నుంచీ పరిగెత్తుకొచ్చారు.

కొన్ని నెలల్లోనే గేట్లు ఒక్కొక్కటిగా మళ్లీ మూతపడ్డాయి. బాద్మే నుంచి ఎవరూ వెళ్లలేదు, ఎవరూ రాలేదు. ఎందుకంటే ఒప్పుకున్నది అడిస్ అబాబా, ఊరు పరిపాలిస్తున్నది టిగ్రే ప్రాంతీయ ప్రభుత్వం. ఆ ప్రకటన వినగానే బాద్మేలో, ఇరోబ్ ఊళ్లలో జనం రోడ్డెక్కి నిరసన తెలిపారు. శాంతి కుదిరింది ఇసాయాస్‌కీ అబీకీ మధ్య, ఇద్దరికీ పడనిది టిగ్రే పార్టీతో. అప్పట్లోనే కొందరు ఇది శాంతి ఒప్పందమా, మూడోవాడి మీద పొత్తా అని అడిగారు. నోబెల్ కమిటీకి ఆ ప్రశ్న అంతగా వినిపించినట్టు లేదు.

టిగ్రే యుద్ధం, ప్రిటోరియా కాగితం

2020 నవంబర్‌లో ఇథియోపియా కేంద్ర ప్రభుత్వానికీ టిగ్రే పార్టీకీ యుద్ధం మొదలైంది. ఎరిత్రియా సైన్యం కేంద్రం వైపు దిగింది, తమ నేలపై వాళ్లున్నారని అబీ 2021 మార్చిలో ఒప్పుకున్నాడు. ఆ ఊపులో బాద్మే ఎరిత్రియా చేతికొచ్చింది. 2002లో కోర్టు ఇచ్చిన ఊరు, కోర్టు చెప్పిన పద్ధతిలో కాకుండా, ఇంకో యుద్ధం మధ్యలో చేతులు మారింది.

2022 నవంబర్ 2న ప్రిటోరియాలో సంతకాలు పెట్టింది ఇథియోపియా కేంద్రం, టిగ్రే పార్టీ. పది రోజులకి నైరోబీలో దాని అమలు పత్రం రాసుకున్నారు, అందులో "విదేశీ బలగాలు" వెళ్లిపోవాలన్నారు గానీ ఎరిత్రియా పేరెత్తలేదు. ఎరిత్రియా దాంట్లో సంతకందారు కాదు. టిగ్రేలోని కొన్ని సరిహద్దు ప్రాంతాల్లో ఎరిత్రియా సైన్యం ఇంకా ఉందని టిగ్రేవాళ్లు అంటారు. మేం ఉన్నది 2002 తీర్పు మాకిచ్చిన నేలలోనే అని ఎరిత్రియా అంటుంది. గీత ప్రకారం చూస్తే బాద్మే విషయంలో ఆ మాట నిజం. గీతకి అవతల ఉన్న ఊళ్ల విషయంలో మాత్రం ఈ జవాబు పనిచేయదు.

ఇప్పటి గొడవ బాద్మేది కాదు, అస్సబ్‌ది

2023 అక్టోబర్‌లో అబీ ఒక ప్రసంగంలో ఎర్ర సముద్రం దారి తన దేశానికి బతుకు సమస్య అన్నాడు. 12 కోట్లకి పైగా జనం, ఒక్క ఓడరేవు లేదు, దిగుమతులు ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా జిబూతి మీదుగానే. 1998కి ముందు ఇథియోపియా సరుకు ఎక్కువగా దిగింది ఎరిత్రియాలోని అస్సబ్ రేవులో, ఇథియోపియా సరిహద్దుకి దగ్గరే అది. కాబట్టి ఎర్ర సముద్రం అనగానే అస్మారాలో అందరికీ వినిపించింది అస్సబ్ పేరే. 2024 జనవరి 1న, సోమాలియా తన భాగమనే సోమాలీల్యాండ్‌తో సముద్రం దారి కోసం ఇథియోపియా చేసుకున్న అవగాహన పత్రం ఇంకో చోట మంట పెట్టింది, ఆ తర్వాత ఈజిప్ట్, సోమాలియా, ఎరిత్రియా దగ్గరయ్యాయి.

ఇక్కడ బాద్మేకీ అస్సబ్‌కీ తేడా పట్టుకోవాలి. బాద్మే మీద ఇథియోపియాకి ఒక వాదన ఉండేది, బలహీనమైనా వాదన. అస్సబ్ మీద అలాంటి కాగితం లేదు. 1908 ఒప్పందం హద్దుని తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపలికి పెట్టింది, 2002 తీర్పు దాన్నే ఖాయం చేసింది. అందుకే ఇథియోపియా అధికారులు చట్టం కంటే చరిత్ర, జనాభా, ఆర్థిక అవసరం అన్న మాటలు ఎక్కువ వాడతారు. సముద్రం లేని దేశానికి పొరుగు రేవు వాడుకునే దారి ఉండాలనడం న్యాయమైన కోరికే, అద్దెకో వాటాకో బేరమాడొచ్చు. ఆ రేవే మాది కావాలనేది వేరే సంగతి. ఈ రెండు మాటల్నీ కావాలనే కలిపి మాట్లాడుతున్నారన్నది ఎరిత్రియా అనుమానం, యుద్ధం మా ఉద్దేశం కాదన్నది ఇథియోపియా జవాబు.

విచిత్రం ఏంటంటే పొత్తులు తిరగబడ్డాయి. నిన్న ఎరిత్రియాతో కలిసి టిగ్రే మీద పోరాడిన అడిస్ అబాబా, 2025 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాసి, ఎరిత్రియా టిగ్రే పార్టీలోని ఒక వర్గంతో కలిసి యుద్ధానికి సిద్ధమవుతోందని ఆరోపించింది. ఎరిత్రియా అది బూటకమంది.

1997లో బాద్మేలో పుట్టిన ఒక పాప

ఈ ఒప్పందాలూ తీర్పులూ నేల మీద ఎలా ఉంటాయో చూడటానికి ఒక ఊహ చేద్దాం. 1997లో బాద్మేలో ఒక టిగ్రే రైతు ఇంట్లో ఆడపిల్ల పుట్టింది అనుకోండి. పుట్టినప్పుడు ఊరు టిగ్రే పరిపాలనలో ఉంది. ఏడాది నిండేసరికి ఎరిత్రియా ట్యాంకులొచ్చాయి. రెండేళ్లు రాకముందే ఇథియోపియా సైన్యం తిరిగొచ్చింది. ఐదేళ్లప్పుడు హేగ్‌లో జడ్జీలు ఆమె ఇల్లు ఎరిత్రియాలో ఉందన్నారు, కానీ బళ్లో ఇథియోపియా పాఠాలే చెప్పారు. పదేళ్లకి హద్దు అంకెల్లో ఖాయమైంది, అయినా ఊళ్లో పోలీసు మారలేదు. ఇరవై ఒకటో ఏట ప్రధాని టీవీలో మీ ఊరు ఇచ్చేస్తున్నామన్నాడు, ఇవ్వలేదు. ఇరవై మూడో ఏట ఎరిత్రియా సైన్యం వచ్చింది.

అల్జీర్స్ ఒప్పందం రాసినవాళ్లు ఈమెని పూర్తిగా మర్చిపోలేదు. నేల చేతులు మారితే అక్కడ ఉండేవాళ్లకి వచ్చే ఇబ్బందులు తీర్చడానికి ఐక్యరాజ్యసమితి సాయపడాలని అందులో ఒక నిబంధన ఉంది. ఆమె ఏ దేశం పౌరురాలు, పొలం ఎవరి పేరున, వెళ్లిపోవాలంటే ఎక్కడికి అన్నవి అక్కడ తేలాల్సిన విషయాలు. అది వాడాల్సిన సమయం వచ్చేసరికి ఆ ఊరి చుట్టుపక్కల శాంతి సైనికులు లేరు, కమిషన్ లేదు, బాద్మే నుంచి తప్పించుకున్నవాళ్లు టిగ్రేలోని శిబిరాలకి చేరి ఉన్నారు.